డిప్రెషన్‌కు ప్రోబయాటిక్ వాడి చూడాలనుకుంటే: బెంగళూరులో ఉన్నవాళ్లకు ఎనిమిది వారాల పద్ధతి

"పొట్టలో మంచి బ్యాక్టీరియా పెరిగితే డిప్రెషన్ తగ్గుతుందట కదా, ఏ క్యాప్సూల్ కొనాలి?" మారతహళ్లి, బెల్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మన తెలుగువాళ్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఒక బ్రాండు పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఎవరు వాడాలి, ఏ చికిత్సతో పాటు వాడాలి, ఎన్నాళ్లు వాడాలి, పనిచేసిందో లేదో ఎలా తేల్చుకోవాలి అన్నవి తెలియకుండా కొంటే డబ్బు పోతుంది. అంతకంటే నష్టం, అసలు చికిత్స ఆలస్యమవుతుంది.

ముందే తేల్చి చెబుతున్నాం. ఇప్పటివరకు ఉన్న ఆధారాలను బట్టి ప్రోబయాటిక్, అంటే బతికున్న మంచి బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూలో పొడో, డిప్రెషన్ మందులకు తోడుగా వాడదగినది. మందులు మానేసి వాటి స్థానంలో వాడదగినది కాదు.

పరీక్షల్లో తేలింది, క్లుప్తంగా

2019లో ఇరాన్‌లో కజెమీ బృందం అప్పటికే డిప్రెషన్ మందులు వాడుతున్నవాళ్లకు ఎనిమిది వారాల పాటు రెండు స్ట్రెయిన్లు, అంటే బ్యాక్టీరియా జాతిలోని ఉపరకాలు, కలిపి ఇచ్చింది. అవి లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్ ఆర్0052, బైఫిడోబ్యాక్టీరియం లాంగమ్ ఆర్0175. ఉత్తుత్తి పొడి తీసుకున్నవాళ్ల కంటే వీళ్ల డిప్రెషన్ స్కోరు ఎక్కువ తగ్గింది. అవే రెండు స్ట్రెయిన్లను న్యూజిలాండ్‌లో మానసిక మందులేవీ వాడని 79 మందిలో దాదాపు సగం మందికి ఎనిమిది వారాలే ఇచ్చారు. 2017లో వచ్చిన ఆ ఫలితంలో తేడా ఏమీ కనిపించలేదు. లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు మందులు వాడుతున్నా పూర్తిగా కోలుకోని 49 మందిలో దాదాపు సగం మందికి 14 స్ట్రెయిన్ల మిశ్రమం ఇచ్చి చూశారు. 2023లో వెలువడిన ఆ పరీక్షలో ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్లకే మెరుగు ఎక్కువ.

ఇవన్నీ చిన్న పరీక్షలు. అయినా తోడుగా వాడితే కొంత ఫలితం కనిపించడం, ఒంటరిగా వాడితే కనిపించకపోవడం గమనించదగ్గ విషయం. కింద చెప్పే పద్ధతి అంతా దాని మీదే ఆధారపడింది.

ఎవరు మొదలుపెట్టకూడదు

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం నంబరు. 24 గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బెంగళూరులో హోసూరు రోడ్డు మీదున్న నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రిలో ఎమర్జెన్సీ విభాగం రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ఒంటరిగా వెళ్లకండి. రూమ్మేట్‌నో, పక్క ఫ్లాటువాళ్లనో వెంట తీసుకెళ్లండి.

కింది వాళ్లు డాక్టరు సరే అనకుండా ప్రోబయాటిక్ వాడకూడదు:

- కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు లేదా ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు
- మెడ దగ్గరో ఛాతీ దగ్గరో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసిన గొట్టం) ఉన్నవాళ్లు, కృత్రిమ గుండె కవాటం ఉన్నవాళ్లు
- తీవ్రమైన ప్యాంక్రియాస్ వాపుతో ఉన్నవాళ్లు. 2008లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్షలో ఇలాంటి రోగుల్లో ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయారు.
- మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని జ్వరం ఉన్నవాళ్లు. వీళ్లు ముందు పొట్ట డాక్టరును చూడాలి.

ఇంకొక సంగతి. ఎప్పుడైనా కొన్ని రోజుల పాటు నిద్ర లేకపోయినా అలసట రాకపోవడం, ఆగకుండా మాట్లాడటం, అదుపు లేకుండా ఖర్చు పెట్టడం జరిగి ఉంటే ఆ విషయం సైకియాట్రిస్టుకు తప్పక చెప్పండి. అది బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మారి మారి వచ్చే జబ్బు) కావచ్చు, దాని చికిత్స వేరు.

కావలసినవి

- డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి కాపీలు ఆరు. ఇది ఉచితం, తెలుగులోనూ దొరుకుతుంది.
- ఒక నోటు పుస్తకం, లేదా ఫోన్‌లో రోజుకో వరుస రాసుకునే షీటు
- రక్త పరీక్షల రిపోర్టు: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ బీ12, విటమిన్ డి, హిమోగ్లోబిన్
- 56 రోజులకు సరిపడా ఒకే రకం ప్రోబయాటిక్
- మీరు చూపించుకుంటున్న డాక్టరు. లేకపోతే ముందు ఆ పని చూడండి.

రక్త పరీక్షలెందుకంటే, థైరాయిడ్ మందగించినా, బీ12 పడిపోయినా నీరసం, ఏకాగ్రత లేకపోవడం, దిగులు అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తాయి. శాకాహారులు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, ఎసిడిటీకి ఏళ్ల తరబడి పాంటోప్రజోల్ మింగేవాళ్లు బీ12 సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. బీ12 లోపాన్ని ఏ ప్రోబయాటిక్కూ తీర్చదు.

పద్ధతి

1. ఇప్పుడున్న స్థితిని కొలవండి.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి. పనుల మీద ఆసక్తి, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తన మీద తనకు చిన్నచూపు, ఏకాగ్రత, కదలికల్లో మందకొడితనం లేదా స్థిమితం లేకపోవడం, చచ్చిపోతే బాగుండన్న ఆలోచన. గత రెండు వారాల్లో ఒక్కొక్కటీ ఎంత తరచుగా బాధించిందో చూసి మార్కు వేయాలి. అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగం కంటే ఎక్కువ రోజులైతే 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 27కు లెక్క. 5 నుంచి 9 స్వల్పం, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 కాస్త తీవ్రం, 20 లేదా అంతకు మించితే తీవ్రం.

10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డాక్టరును కలవకుండా తర్వాతి మెట్టుకు వెళ్లకండి. తొమ్మిదో ప్రశ్నకు 0 కాకుండా ఏది వచ్చినా, మొత్తం ఎంత తక్కువైనా సరే, ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడండి.

2. రెండు వారాలు ఏమీ మార్చకుండా మళ్లీ కొలవండి.

అందరూ ఎగరగొట్టేది ఈ మెట్టునే. అప్రైజల్ వారంలో 14 వచ్చినవాళ్లకు, ఊరెళ్లి అమ్మ చేతి భోజనం చేసి వచ్చాక 10 రావచ్చు. క్యాప్సూల్ వేయకుండానే మీ స్కోరు ఎంత ఊగుతుందో తెలియకపోతే, వేసుకున్నాక తగ్గింది దేనివల్లో చెప్పలేరు. రెండుసార్లూ వారంలో ఒకే రోజు, ఒకే వేళ ఎంచుకోండి. ఆదివారం రాత్రి వద్దు. సోమవారం ఆఫీసు దిగులు కూడా లెక్కలో కలిసిపోతుంది. బుధవారం సాయంత్రం మంచిది. ఈ రెండు స్కోర్ల సగటే మీ మొదటి లెక్క.

ఈ రెండు వారాల ఆగడం క్యాప్సూల్‌కు మాత్రమే. డాక్టరు రాసిన మందును దీని కోసం ఆపవద్దు, వాయిదా వేయవద్దు. ఎసిటలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి కొత్తగా మొదలైతే, లేదా మోతాదు మారితే, ఆరు వారాలు గడిచి స్థిరపడ్డాకే ప్రోబయాటిక్ మొదలుపెట్టండి. ఆ మందుల గుణం కనిపించడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రెండు వారాల్లో అవే వికారం, విరేచనాలు తెస్తాయి. ప్రోబయాటిక్ కూడా అప్పుడే కలిపితే ఏది ఏం చేసిందో తెలియదు.

3. సరుకు ఎంచుకోండి. లేబుల్ చదవడం ఇలా.

ఈ వ్యాసంలో ఎక్కువ జాగ్రత్త కావలసిన చోటు ఇదే. మెడికల్ షాపులో "ప్రోబయాటిక్ ఇవ్వండి" అంటే సాధారణంగా విరేచనాలకు వాడేది చేతిలో పెడతారు. ఎంటెరోజెర్మినా 5 మిల్లీలీటర్ల సీసాలో బాసిల్లస్ క్లాసీ బీజాలు 200 కోట్లు ఉంటాయి. విరేచనాలకు వాడేవాటిలో శాకరోమైసిస్ బౌలార్డీ ఉన్న సాచెట్లూ ఉన్నాయి. దేని పని దానిది. పైన చెప్పిన డిప్రెషన్ పరీక్షల్లో వాడినవి ఇవి కావు.

లేబుల్ మీద నాలుగు చూడాలి.

మొదటిది స్ట్రెయిన్ కోడ్. "లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్" అని ఆగిపోతే చాలదు, వెనక ఆర్0052 లాంటి కోడ్ ఉండాలి. ఒకే జాతిలో ఒక స్ట్రెయిన్ చేసే పని ఇంకొకటి చేయకపోవచ్చు. కోడ్ లేని సరుకు కొంటే ఏ పరీక్ష ఫలితమూ దానికి వర్తించదు.

రెండోది లెక్క. దీన్ని సీఎఫ్‌యూ అంటారు, అంటే బతికున్న సూక్ష్మజీవుల సంఖ్య. ఇంగ్లీషు లేబుళ్ల మీద బిలియన్లలో ఉంటుంది. ఒక బిలియన్ అంటే 100 కోట్లు. న్యూజిలాండ్ పరీక్షలో రోజుకు కనీసం 300 కోట్లు, ఇరాన్ పరీక్షలో కనీసం 1000 కోట్లు, లండన్ పరీక్షలో 800 కోట్లు ఇచ్చారు. మన ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం ప్రోబయాటిక్ అని అమ్మడానికి రోజు మోతాదులో 10 కోట్లుంటే చాలు. అంటే చట్టప్రకారం సక్రమమైన సరుకులో కూడా పరీక్షల్లో వాడినదానిలో ముప్పయ్యో వంతో, వందో వంతో ఉండవచ్చు. 300 నుంచి 1000 కోట్ల మధ్య ఉన్నది తీసుకోండి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆసుపత్రిలో చేరిన రోగులకు 31 రోజుల పాటు రోజుకు 90,000 కోట్లు ఇచ్చి మంచి ఫలితం చూశారు. 2022లో వచ్చిన ఆ ఫలితాన్ని చదివి ఇంట్లో అంత మోతాదు ప్రయత్నించకండి. అది వైద్యుల కంటి ముందు జరిగింది.

మూడోది ఆ లెక్క ఎప్పటిది అన్నది. తయారైన రోజు లెక్కా, గడువు తేదీ వరకు ఉండే లెక్కా? గడువు వరకు హామీ ఇచ్చేదే కొనండి. తయారీ నాటి సంఖ్య అయితే మీ చేతికొచ్చేసరికి ఎన్ని బతికున్నాయో తెలియదు.

నాలుగోది ఎఫ్‌ఓఎస్, ఇన్యులిన్ లాంటి పీచు కలిపారా అని. కలిపితే చాలామందికి గ్యాస్ ఎక్కువవుతుంది. ఇరాన్ పరీక్షలో పీచు మాత్రమే తీసుకున్న గుంపులో డిప్రెషన్ చెప్పుకోదగ్గంత తగ్గలేదు కూడా. లేనిదే మేలు.

ఒకవేళ దొరక్కపోతే? ఆర్0052, ఆర్0175 జంట మన షాపుల్లో ఎప్పుడూ ఉండదు. ఇంకో దారి బాసిల్లస్ కోయాగులన్స్ ఎంటీసీసీ 5856. దీన్ని పొట్ట బాధ, అంటే ఐబీఎస్, డిప్రెషన్ రెండూ ఉన్న 40 మందిలో సగం మందికి రోజుకు 200 కోట్లు చొప్పున 90 రోజులు ఇచ్చి చూశారు. 2018లో ప్రచురితమైన ఆ పరీక్షలో డిప్రెషన్ స్కోర్లు తగ్గాయి. చేయించింది ఆ స్ట్రెయిన్‌ను తయారుచేసే బెంగళూరు సంస్థ సామీ ల్యాబ్స్. కాబట్టి ఆ ఫలితాన్ని కాస్త తగ్గించుకునే చదవాలి. ఐబీఎస్ ఉన్నవాళ్లకైతే ఇది ఆలోచించదగ్గదే. బీజ రూపంలో ఉంటుంది కనుక వేడిని కూడా బాగా తట్టుకుంటుంది. పీజీలో ఫ్రిజ్ లేనివాళ్లకు అది పెద్ద సౌకర్యం. దీన్ని ఎంచుకుంటే ఎనిమిది వారాలు కాక 90 రోజులు లెక్క పెట్టుకోండి.

యాకుల్ట్ సంగతి కూడా అడుగుతారు. 65 మిల్లీలీటర్ల సీసాలో షిరోటా స్ట్రెయిన్ 650 కోట్లు ఉంటుంది. లెక్క బాగానే ఉంది, కానీ ఇది పైన చెప్పిన పరీక్షల స్ట్రెయిన్ కాదు. చక్కెర కూడా ఉంటుంది కనుక షుగర్ ఉన్నవాళ్లు చూసుకోవాలి.

4. సరుకు చెడకుండా చూసుకోండి.

ఫ్రిజ్‌లో పెట్టాలని రాసి ఉన్నదాన్ని ఆన్‌లైన్‌లో తెప్పిస్తే, ప్యాకెట్ చేతికి రాగానే ముట్టుకుని చూడండి. చల్లగా లేకపోతే తిప్పి పంపండి. మార్చి నుంచి మే వరకు మధ్యాహ్నం పూట బండి మీద వచ్చే సరుకు కొనకండి, ఉదయమే తెప్పించుకోండి. "25 డిగ్రీల లోపు" అని ఉన్న క్యాప్సూళ్లు బెంగళూరు చలికాలంలో అల్మారాలో ఉన్నా పరవాలేదు, ఎండాకాలంలో మాత్రం ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ తలుపు అరలో కాదు, లోపలి అరలో. తలుపు తెరిచినప్పుడల్లా అక్కడ వేడి తగులుతుంది. పీజీ కామన్ ఫ్రిజ్ అయితే పేరు రాసిన చిన్న డబ్బాలో పెట్టుకోండి. క్యాప్సూళ్లను వారానికి సరిపడా విడి డబ్బాల్లోకి తీయకండి, తేమ తగిలితే చచ్చిపోతాయి.

5. వేసుకునే వేళ.

భోజనంతో పాటు, లేదా అరగంట ముందు. తిన్న అరగంటకు వేసుకుంటే ఆమ్లంలో ఎక్కువ చనిపోతాయని ప్రయోగశాల పరీక్షలో తేలింది. ఆ పరీక్షలో వాడిన మిశ్రమంలో ఆర్0052, ఆర్0175 కూడా ఉన్నాయి. రోజూ టిఫిన్‌తో వేసుకుంటే మరిచిపోరు. వేడి కాఫీతో మింగకండి, పొడిని వేడి పాలలో కలపకండి. మామూలు నీళ్లు చాలు.

మొదటి మూడు రోజులు మోతాదులో సగం వేయండి. సాచెట్ అయితే సులువు. క్యాప్సూల్ అయితే రోజు విడిచి రోజు. పొట్ట ఉబ్బరం, గ్యాస్ మొదటి వారం సహజం. పదో రోజుకూ తగ్గకపోతే మోతాదు సగానికి దించండి. అప్పటికీ తగ్గకపోతే ఆపేయండి. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, ఊపిరి ఇబ్బంది వస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

6. మిగతా మందులతో సర్దుబాటు.

మధ్యలో యాంటీబయాటిక్ వాడాల్సి వస్తే రెండింటి మధ్య కనీసం రెండు గంటలు విరామం ఇవ్వండి. ఆ తేదీలు పుస్తకంలో రాయండి. కోర్సు అయిపోయాక ఆ వారాన్ని ఎనిమిదిలో లెక్కపెట్టకండి, ఒక వారం పొడిగించండి.

లిథియం వాడుతున్నవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త. ప్రోబయాటిక్ వల్ల అయినా, బయటి తిండి వల్ల అయినా విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి రక్తంలో లిథియం పెరుగుతుంది. అది ప్రమాదకరం. అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి.

ఎంఏఓ ఇన్హిబిటర్లు అనే పాతరకం డిప్రెషన్ మందులు ఇప్పుడు అరుదు. వాడుతున్నవాళ్లుంటే మాత్రం పులియబెట్టినవి, నిల్వ చీజ్ లాంటివి పెంచకముందు డాక్టరును అడగాలి. ఆ తిండిలో ఉండే టైరమిన్ అనే పదార్థం వల్ల రక్తపోటు ఒక్కసారిగా పెరిగిపోగలదు.

7. రోజూ ఒక్క వరుస రాయండి.

తేదీ, క్యాప్సూల్ వేశారా, ఎన్ని గంటలు నిద్రపోయారు, మలవిసర్జన ఎలా ఉంది, మద్యం తాగారా, మనసు 0 నుంచి 10లో ఎక్కడుంది. అంతే. పేజీలకు పేజీలు రాయాలనుకుంటే నాలుగో రోజుకు ఆపేస్తారు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు ఒక్క వరుస రాయడమే కష్టమయ్యే రోజులుంటాయి. ఆ రోజు ఒక చుక్క పెట్టి వదిలేయండి, అదీ సమాచారమే.

8. రెండు వారాలకోసారి పీహెచ్‌క్యూ-9 నింపండి.

రెండో, నాలుగో, ఆరో, ఎనిమిదో వారం. అదే బుధవారం, అదే వేళ. పాత కాగితం చూడకుండా నింపండి. వారం వారం నింపితే లాభం లేదు, ప్రశ్నలు అడిగేదే గత రెండు వారాల గురించి. మధ్యలో స్కోరు 5 పెరిగినా, తొమ్మిదో ప్రశ్న 0 నుంచి కదిలినా ఎనిమిది వారాలు నిండేదాకా ఆగకండి. డాక్టరును కలవండి.

క్యాప్సూల్ వద్దు, తిండితోనే చూస్తాం అనేవాళ్లకు

మంచి దారే. కాకపోతే రెండూ ఒకేసారి మొదలుపెట్టవద్దు. ఆహారానికి వేరే ఆధారం ఉంది. ఆస్ట్రేలియాలో 2017లో వచ్చిన స్మైల్స్ పరీక్షలో డిప్రెషన్ ఉన్న 67 మందిలో ఒక గుంపుకు 12 వారాలు ఆహారం మార్పించారు. కూరగాయలు, పప్పుధాన్యాలు, పొట్టుతీయని ధాన్యాలు, చేపలు, గింజలు పెంచి, తీపి, వేపుళ్లు, ప్యాకెట్ తిండి తగ్గించారు. ఆ గుంపులో 32 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. కబుర్లతో తోడు మాత్రమే ఇచ్చిన గుంపులో 8 శాతం. అక్కడ పనిచేసింది మొత్తం పళ్లెం, పెరుగు ఒక్కటే కాదు.

మన పళ్లెంలో రాగి సంకటి, కొర్రలు, ఉలవలు, బొబ్బర్లు, తోటకూర, గోంగూర, పల్లీలు ఆ పని చేస్తాయి. బెంగళూరులో రాగికి కొదవ లేదు. వారానికి ఒకటి చొప్పున పెంచండి. ఒక్కసారిగా పెంచితే పొట్ట ఉబ్బి, మూడో రోజుకు మళ్లీ బిర్యానీ ఆర్డరు పెడతారు.

పెరుగు ఇంట్లో తోడు పెట్టుకునేవాళ్లు పాలు కాచి, వేలు పెట్టి పది లెక్కపెట్టగలిగేంత గోరువెచ్చగా, సుమారు 40 నుంచి 43 డిగ్రీలకు దించి, అర లీటరుకు ఒక టీస్పూను తోడు వేయండి. ఎండాకాలంలో ఐదారు గంటలు చాలు. డిసెంబరు, జనవరిలో రాత్రంతా పట్టినా గట్టిపడదు. గిన్నెను తువ్వాలు చుట్టి హాట్‌బాక్సులో పెట్టండి. రెండు రోజుల లోపు తినండి. ఇంటి తోడులో ఏ స్ట్రెయిన్ ఎంతుందో ఎవరూ చెప్పలేరు కనుక దాన్ని చికిత్స మోతాదుగా లెక్కపెట్టకండి, మంచి తిండిగా తినండి.

చద్దన్నం చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. పీజీలో మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని రాత్రికి నానబెట్టకండి. బయట గంటల తరబడి ఉన్న అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విషం తయారుచేస్తుంది, మళ్లీ వేడి చేసినా అది పోదు. రాత్రి వండిన అన్నాన్ని వెంటనే చల్లార్చి, గంటలోపు నీళ్లు, కాస్త మజ్జిగ పోసి, పొద్దున్నే తినేయండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*వేడిచేసినదాన్ని లెక్కపెట్టడం.* మజ్జిగ పులుసు, ఇడ్లీ, దోసె, ఊతప్పం. పిండి పులిసేటప్పుడు బ్యాక్టీరియా ఉంటుంది, ఆవిరిలో, పెనం మీద చనిపోతుంది. ఆవకాయ ఉప్పు, నూనె, ఆవపొడి బలంతో నిల్వ ఉంటుంది. రుచికి తినండి, ప్రోబయాటిక్ అనుకోకండి.

*రెండు నెలలు కాకముందే బ్రాండు మార్చడం.* మూడో వారంలో ఏమీ తెలియలేదని ఇంకొకటి, ఐదో వారంలో మరొకటి. ఇలా చేస్తే ఏదీ పరీక్షించినట్టు కాదు. మొదట్లోనే 60 క్యాప్సూళ్ల ఖర్చు లెక్కవేసుకుని, అంత పెట్టగలిగితేనే దిగండి.

*ఒకేసారి నాలుగు మొదలుపెట్టడం.* ప్రోబయాటిక్, జిమ్, అశ్వగంధ, ఒమేగా-3, అన్నీ ఒకే సోమవారం. నయమైతే సంతోషమే, కానీ ఏది ఆపాలో ఏది ఉంచాలో తెలియక అన్నిటికీ డబ్బు పెడుతూనే ఉంటారు. నడక మాత్రం ఎప్పుడు మొదలుపెట్టినా మంచిదే. ఇప్పటికే నడుస్తుంటే అంతే కొనసాగించండి.

*"సెరటోనిన్ 90 శాతం పొట్టలోనే తయారవుతుంది" అన్న వాక్యాన్ని నమ్మి మందు మానేయడం.* ఒంట్లోని సెరటోనిన్‌లో చాలా భాగం పేగుల్లో తయారయ్యే మాట నిజం. అది రక్తం నుంచి మెదడులోకి దాటదు. మెదడు తన సెరటోనిన్‌ను తనే తయారుచేసుకుంటుంది. ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు ఈ జాబితాలో లేదు. డిప్రెషన్ మందును ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. జబ్బు కూడా తిరగబెడుతుంది.

*డాక్టరుకు చెప్పకుండా వాడటం.* "నవ్వుతారేమో" అని దాస్తారు. స్ట్రెయిన్ పేరు, మోతాదు, స్కోర్ల కాగితం తీసుకెళ్లి చూపించండి. ఆ కాగితం ఉంటే మీ చికిత్స గురించి ఆయన నిర్ణయం కూడా సులువవుతుంది.

ఎనిమిది వారాల తర్వాత లెక్క చూడటం

మొదటి సగటు నుంచి ఎనిమిదో వారం స్కోరు తీసేయండి.

5 లేదా అంతకంటే ఎక్కువ తగ్గితే అది చెప్పుకోదగ్గ మార్పే. స్కోరు సగానికి పడితే చికిత్సకు స్పందన అంటారు. 5 లోపుకు వస్తే దాదాపు కోలుకున్నట్టు. ఒక తనిఖీ మాత్రం మిగిలింది. ఏమీ మార్చని మొదటి రెండు వారాల్లోనే మీ స్కోరు 4 ఊగి ఉంటే, ఇప్పుడు తగ్గిన 5ను నమ్మకంగా తీసుకోలేరు. ఇంకో నాలుగు వారాలు కొనసాగించి మళ్లీ కొలవండి. ఇలాంటి పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లు కూడా కొంత మెరుగయ్యారని గుర్తుంచుకోండి.

2 నుంచి 4 తగ్గితే రోజువారీ వరుసలు చూడండి. క్యాప్సూల్ ఎన్ని రోజులు మిస్ అయ్యారు? పదికి మించితే ఈ పరీక్ష చెల్లదు. మిస్ కాకపోతే ఇంకో నాలుగు వారాలు చూసి ఆపేయవచ్చు.

ఏ మార్పూ లేకపోతే ఆపేయండి. కొద్దికొద్దిగా తగ్గించాల్సిన అవసరం లేదు, ఒకే రోజు ఆపవచ్చు. అది మీ వైఫల్యం కాదు, ఈ సరుకు మీకు పనిచేయలేదంతే. ఆ డబ్బుతో రెండు కౌన్సెలింగ్ సెషన్లు వస్తాయి. ఆ వైపు ఆధారం దీనికంటే గట్టిది. మందు మోతాదు మార్చాలా అని డాక్టరును అడగడానికి కూడా ఇదే సమయం.

డిప్రెషన్ కదలకపోయినా మలబద్ధకమో, ఉబ్బరమో తగ్గి ఉంటే పొట్ట కోసం కొనసాగించడంలో తప్పు లేదు. పుస్తకంలో మాత్రం "పొట్టకు" అని రాసుకోండి.

బాగా పనిచేసినవాళ్లు ఎన్నాళ్లు కొనసాగించాలి? క్యాప్సూల్ ఆపాక ఈ బ్యాక్టీరియా చాలామంది పేగుల్లో కొద్ది వారాలకు మించి నిలవదు. డాక్టరుతో మాట్లాడి, ఆఫీసులో గానీ ఇంట్లో గానీ పెద్ద మార్పులు లేని నెల చూసి ఆపి, నాలుగు వారాల తర్వాత పీహెచ్‌క్యూ-9 నింపండి. పెరగకపోతే ఇక అక్కర్లేదు. పెరిగితే మళ్లీ మొదలుపెట్టవచ్చు. డిప్రెషన్ మందు లెక్క వేరు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి, తగ్గించేటప్పుడు డాక్టరు చెప్పిన వేగంతోనే తగ్గించాలి. రెండింటినీ ఒకే నెలలో ఆపకండి.